పాయింట్ ఎటు జరపాలో ప్రతిసారీ తికమకే

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. స్కూలు అయిపోయాక లెక్కల జోలికి వెళ్ళలేదు. ఇప్పుడు మందుల డోసుల లెక్కలు మొదలయ్యేసరికి భిన్నాలు, దశాంశాలు, శాతాలు మూడూ కలిసి నన్ను ముంచేస్తున్నాయి. శాతాన్ని దశాంశంగా మార్చాలంటే పాయింట్ రెండు స్థానాలు జరపాలని తెలుసు. ఎటు జరపాలో మాత్రం పరీక్ష హాల్లో గుర్తుకు రాదు. మొన్నటి టెస్టులో 0.05ని 0.5 శాతం అని రాశాను. 1/4 కంటే 1/8 పెద్దదని టిక్ పెట్టాను. వార్డులో సిస్టర్ "ఈ ఐదు శాతం డెక్స్ట్రోజ్ బాటిల్లో ఎన్ని గ్రాముల డెక్స్ట్రోజ్ ఉంది?" అని అడిగితే నోట మాట రాలేదు. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉందిగా, ఎందుకంత టెన్షన్ అంటారు నా ఫ్రెండ్స్. నా లెక్క తప్పి పేషెంటుకు ఏమన్నా అయితే ఎలా అని నాకు భయం. సులువుగా గుర్తుండే చిట్కా ఏదైనా ఉంటే చెప్పండి.
– ఒక నర్సింగ్ విద్యార్థిని

సమాధానం: ముందుగా మీ భయం గురించి ఒక మాట. అది పోవాలని నేను కోరుకోను. మందు సిరంజిలోకి తీసే ప్రతిసారీ "ఇది సరిగ్గా ఉందా?" అని ఆగే నర్సు చేతిలో పేషెంటు క్షేమంగా ఉంటాడు. మీకు ఇప్పుడు లేనిదల్లా ఆగినప్పుడు ఏం చూసుకోవాలో తెలియడం. అది నేర్చుకోవచ్చు, ఎక్కువ కాలం కూడా పట్టదు.

చిట్కా అడిగారు. మీ ఇబ్బందికి మూలం ఆ చిట్కాలోనే ఉందని నా అభిప్రాయం. "పాయింట్ రెండు స్థానాలు జరుపు" అన్నది తప్పు కాదు. కానీ అందులో పాయింట్ ఉంది తప్ప పరిమాణం లేదు. ఎటు జరపాలో మర్చిపోతే మళ్ళీ రాబట్టుకునే దారి ఉండదు. అందుకని కొన్నాళ్ళు పాయింట్ జరపడం మానేయండి. శాతం గుర్తు కనబడగానే దాన్ని "బై 100" అని పైకి చదవండి. 5% అంటే 5/100. 12.5% అంటే 12.5/100. 0.9% అంటే 0.9/100. పెదవులు కదిలేలా చదవండి, పక్కవాళ్ళు విన్నా ఫర్వాలేదు. ఇక మిగిలింది వందతో భాగించడమే. భాగిస్తే అంకె చిన్నదవుతుందని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు కాబట్టి పాయింట్ ఎటు పోవాలో దానంతటదే తేలిపోతుంది.

దశాంశం నుంచి శాతానికి వెళ్ళేటప్పుడు దీనికి తిరగేసి, వందతో గుణించాలి. మీరు తప్పు రాసిన 0.05నే తీసుకుందాం. పాయింట్ తర్వాత రెండో స్థానం వందో వంతులది. అక్కడ 5 ఉంది. అంటే వందలో ఐదు. అంటే 5 శాతం. ఇక్కడ జరపడానికి ఏమీ లేదు, చదవడమే. 0.5 అయితే పదింట ఐదు, అంటే సగం, 50 శాతం. 0.005 అయితే వెయ్యిలో ఐదు, వందలో అర, అంటే 0.5 శాతం. ఈ మూడింటినీ ఒకదాని కింద ఒకటి రాసుకుని కాసేపు చూడండి. 0.05ని 0.5 శాతం అని రాయడమంటే పరిమాణాన్ని పదో వంతుకు తగ్గించేయడం. టెస్టులో అయితే ఒక మార్కు పోతుంది. మందులో అయితే పేషెంటుకు అందాల్సిన దానిలో పదో వంతే అందుతుంది. అదే పొరపాటు అటువైపు జరిగితే పది రెట్లు ఎక్కుతుంది. పాయింట్ ఒక్క స్థానం తప్పితే పది రెట్లు, రెండు స్థానాలు తప్పితే వంద రెట్లు. అందుకే మన వృత్తిలో ఈ చిన్న చుక్కకు ఇంత ప్రాధాన్యం.

ఇప్పుడు భిన్నాలు. 3/8 అని రాసి ఉంటే మధ్య గీతను "భాగించు" అని చదవండి. పైనున్న లవాన్ని కిందనున్న హారంతో భాగించాలి. తరగతిలో చాలామంది తడబడేది ఇక్కడే. పెద్ద అంకెను చిన్న అంకెతో భాగించడం చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి చెయ్యి దానంతటదే 8ని 3తో భాగించేస్తుంది. 2.67 వస్తుంది. దాన్ని అలాగే రాసేసి ముందుకెళ్ళిపోతారు.

దీన్ని పట్టుకోవాలంటే భాగహారం మొదలుపెట్టకముందే ఒక్క ప్రశ్న వేసుకోవాలి: జవాబు ఎంత ఉండొచ్చు? ఎనిమిదిలో నాలుగు అయితే సగం. మన దగ్గర ఉన్నది మూడే. కాబట్టి జవాబు 0.5 కంటే తక్కువే ఉండాలి. 8లో పావు 2, మనకున్నది అంతకంటే ఎక్కువ. కాబట్టి 0.25 కంటే ఎక్కువ ఉండాలి. ఇప్పుడు చేయండి. 3లో 8 పోదు, కాబట్టి సున్నా వేసి పాయింట్ పెట్టాం. 30లో ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు, శేషం 6. 60లో ఎనిమిది ఏళ్ళు యాభై ఆరు, శేషం 4. 40లో ఎనిమిది అయిదులు నలభై, శేషం లేదు. జవాబు 0.375. పావుకీ సగానికీ మధ్యలోనే ఉంది. వందతో గుణిస్తే 37.5 శాతం. 2.67 వచ్చి ఉంటే? ఒకటి కంటే చిన్నదైన భిన్నానికి రెండున్నర కంటే పెద్ద జవాబు ఎలా వస్తుందని అక్కడికక్కడే చెయ్యి ఆగిపోతుంది.

ఈ ఉత్తరంలో ఒక్కటి మాత్రమే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. లెక్క చేయకముందు జవాబు సుమారుగా ఎంత ఉండాలో అనుకోవాలి. లెక్క అయ్యాక దానితో పోల్చుకోవాలి. మీ స్నేహితులు చెప్పిన క్యాలిక్యులేటర్ మంచిదే, వాడండి. కానీ అది మీరు నొక్కినదానికే జవాబిస్తుంది, మీరు నొక్కాల్సినదానికి కాదు. సుమారు అంచనా మనసులో లేనివాళ్ళకు తెర మీద కనబడే ప్రతి అంకే సరైనదిగానే కనిపిస్తుంది.

1/8, 1/4 సంగతికి వద్దాం. 8 పెద్దది కాబట్టి 1/8 పెద్దది అనుకున్నారు కదా. హారం అంటే ఎన్ని ముక్కలు చేశామన్నది. ముక్కలు ఎక్కువైతే ఒక్కో ముక్క చిన్నదవుతుంది. 1/8 అంటే పావులో సగం. అంతే. దశాంశాల్లోకి మారేసరికి ఇదే పొరపాటు ఇంకో రూపంలో వస్తుంది. 0.125, 0.25 పక్కపక్కన పెడితే 125 పెద్దగా కనిపిస్తుంది. పోల్చే ముందు పాయింట్ తర్వాత స్థానాలు సమానం చేయండి: 0.125, 0.250. ఇప్పుడు తేడా స్పష్టం.

దీన్ని ఒక మాత్రతో చూద్దాం. గుండె జబ్బులకు వాడే డిగాక్సిన్ 0.125 ఎంజీ ఇమ్మని ఆర్డరు. మీ చేతిలో ఉన్న మాత్ర 0.25 ఎంజీ. కావలసింది పైన, ఉన్నది కింద రాయండి: 0.125 / 0.250. రెంటిలోనూ పాయింట్ తీసేస్తే 125/250, అంటే 1/2. సగం మాత్ర. పైది కిందా, కిందది పైనా రాస్తే 2 వస్తుంది. రెండు మాత్రలు ఇస్తే పేషెంటు లోపలికి వెళ్ళేది 0.5 ఎంజీ, కావలసిన దానికి నాలుగు రెట్లు. డిగాక్సిన్‌లో మేలు చేసే మోతాదుకీ హాని చేసే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ, గుండె లయే దెబ్బతింటుంది. ఇక్కడా భాగించకముందే ప్రశ్న వేసుకోవాలి: ఆర్డరు ఒక మాత్రలో ఉన్నదానికంటే ఎక్కువా, తక్కువా? తక్కువ. అయితే జవాబు ఒకటి కంటే తక్కువే రావాలి. ఈ రెండు సెకన్ల ఆలోచన ఎంతో ప్రమాదాన్ని ఆపుతుంది.

కొన్ని భిన్నాలు భాగిస్తూ పోతే ఆగవు. 1/3 అంటే 0.333..., 2/3 అంటే 0.666..., 1/6 అంటే 0.1666... ఇలాంటివి వచ్చినప్పుడు దశాంశంలోకి మార్చడానికి తొందరపడొద్దు. 3 ఎంఎల్‌లో 75 ఎంజీ మందు ఉన్న యాంపుల్ ఉంది, 50 ఎంజీ కావాలి అనుకోండి. 50/75 కొట్టివేస్తే 2/3. దాన్ని 3 ఎంఎల్‌తో గుణిస్తే 3కి 3 పోయి సరిగ్గా 2 ఎంఎల్ వస్తుంది. అలా కాకుండా 2/3ని ముందే 0.7 చేసేస్తే 2.1 ఎంఎల్ అవుతుంది. 0.6 అని కత్తిరించేస్తే 1.8 అవుతుంది. లెక్కంతా భిన్నంలో నడిపించి, అవసరమైతే చివర్లో ఒక్కసారి సవరించండి. భిన్నమంటే భయపడి అందరూ దశాంశంలోకి పారిపోతుంటారు గానీ, చాలాసార్లు భిన్నమే మనకు నేస్తం.

ఇక సిస్టర్ అడిగిన ప్రశ్న. ద్రావణాల మీద రాసే శాతానికి ఒక అర్థం ఉంది: 100 ఎంఎల్‌లో ఇన్ని గ్రాములు. 5% డెక్స్ట్రోజ్ అంటే 100 ఎంఎల్‌లో 5 గ్రాములు. బాటిల్ 500 ఎంఎల్ అయితే అందులో అలాంటి 100 ఎంఎల్‌లు అయిదు, కాబట్టి 25 గ్రాములు. మీ జవాబు అది. నార్మల్ సెలైన్ 0.9%, అంటే 100 ఎంఎల్‌లో 0.9 గ్రాము ఉప్పు, లీటరులో 9 గ్రాములు. ద్రవంలో ద్రవం కలిపినప్పుడు మాత్రం గ్రాములకు బదులు ఎంఎల్ వస్తుంది. 70% ఆల్కహాల్ అంటే 100 ఎంఎల్‌లో 70 ఎంఎల్ ఆల్కహాల్.

ఇప్పుడు ఒక చక్కని పోలిక చూడండి. హైపోగ్లైసీమియాకి, అంటే రక్తంలో చక్కెర బాగా పడిపోయినప్పుడు, వాడే 50% డెక్స్ట్రోజ్ 50 ఎంఎల్‌లో ఎంత ఉంటుంది? 100లో 50 గ్రాములు కాబట్టి 50లో 25 గ్రాములు. పెద్ద బాటిల్లోనూ 25 గ్రాములే, ఈ చిన్న దానిలోనూ 25 గ్రాములే. గాఢత పది రెట్లు, ద్రవం పదో వంతు. ఎమర్జెన్సీలో చిక్కటి ద్రావణం ఎందుకు వాడతారో, అంత చిక్కటిది చిన్న రక్తనాళంలోకి పోతే ఎందుకు జాగ్రత్త పడతారో ఈ లెక్క తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

తిమ్మిరెక్కించడానికి వాడే లిగ్నోకైన్ లాంటి మందుల్లో గ్రాముల బదులు ఎంజీలు కావాలి. 2% అంటే 100 ఎంఎల్‌లో 2 గ్రాములు, అంటే 2000 ఎంజీ. వందతో భాగిస్తే ఒక ఎంఎల్‌లో 20 ఎంజీ. 1% అయితే 10 ఎంజీ. శాతాన్ని పదితో గుణిస్తే ఒక ఎంఎల్‌లో ఎన్ని ఎంజీలో వస్తుందని మీరు గమనించే ఉంటారు. ఈ చిట్కా వాడుకోండి, కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చేత్తో రాసి చూసుకున్నాకే. చిట్కా మర్చిపోయినా రెండు లైన్లలో మళ్ళీ పుట్టించుకోగలిగితే అప్పుడు అది మీది.

శాతం గుర్తు ముందున్న అంకెలోనే పాయింట్ ఉంటే చాలామంది కళ్ళు మోసపోతాయి. 0.9%ని చూసి 0.9 అనుకుంటారు. 0.9 అంటే దాదాపు మొత్తం. 0.9% అంటే నూటికి ఒకటి కూడా లేదు. 0.9ని వందతో భాగిస్తే 0.009. హాఫ్ నార్మల్ సెలైన్ 0.45% అంటే 0.0045. పాయింట్ ముందే ఉంది కాబట్టి మార్చడం అయిపోయిందనుకోవద్దు, శాతం గుర్తు ఉన్నంతసేపూ "బై 100" బాకీ ఉన్నట్టే.

నిష్పత్తి రూపంలో రాసే మందు ఒకటుంది, అడ్రినలిన్. 1:1000 అంటే 1000 ఎంఎల్‌లో 1 గ్రాము. గ్రాముకు 1000 ఎంజీ కాబట్టి ఒక ఎంఎల్‌లో 1 ఎంజీ. శాతంలో చెప్పాలంటే 0.1%. 1:10,000 అయితే ఒక ఎంఎల్‌లో 0.1 ఎంజీ, 0.01%. పెద్ద అంకె కనిపించేసరికి ఎక్కువ పవర్ అనిపిస్తుంది, నిజానికి పది రెట్లు పలచన. ఇది కూడా మీ 1/8 పొరపాటు లాంటిదే, హారం పెరిగితే విలువ తగ్గుతుంది. ఈ తికమక ప్రాణాంతకం కావచ్చు కాబట్టే అమెరికాలో 2016 నుంచి ఇలాంటి మందుల లేబుళ్ళ మీద నిష్పత్తి తీసేసి, ఒక ఎంఎల్‌లో ఎన్ని ఎంజీ అన్నదే రాయాలని నియమం పెట్టారు. మీ చేతికి ఏ లేబుల్ వచ్చినా ముందు దాన్ని ఎంజీ, ఎంఎల్ భాషలోకి మార్చుకున్నాకే సిరంజి పట్టుకోండి.

ఆక్సిజన్ దగ్గర దశాంశమూ శాతమూ రెండూ వార్డులో వినిపిస్తాయి. పేషెంటు పీల్చే గాలిలో ఆక్సిజన్ ఎంత వంతో చెప్పేదే ఎఫ్ఐఓటూ. వెంటిలేటర్ మీద ఒకరు "ఎఫ్ఐఓటూ 40" అంటారు, ఇంకొకరు చార్టులో 0.4 అని రాస్తారు. రెండూ ఒకటే. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, అంటే 0.21. స్వచ్ఛమైన ఆక్సిజన్ అయితే 1.0. కాబట్టి చార్టులో 0.04 అని కనబడితే ఎక్కడో పాయింట్ తప్పిందని వెంటనే తెలియాలి, గాలి పీల్చినా అంతకంటే ఎక్కువే అందుతుంది కదా. ఊపిరితిత్తుల పరిస్థితి తెలుసుకోవడానికి ధమని రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని దీనితో భాగిస్తారు. పీడనం 80, ఎఫ్ఐఓటూ 40 శాతం అయితే 80ని 0.4తో భాగించాలి, 200 వస్తుంది. 40తో భాగిస్తే 2 వస్తుంది, దానికి అర్థమే లేదు. ఒకటి కంటే చిన్న అంకెతో భాగిస్తే జవాబు పెరుగుతుందన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. సగాలు ఎన్ని ఉన్నాయని అడిగితే పది వస్తువుల్లో ఇరవై వస్తాయి కదా, అలాగే.

మరి శాతం కనబడితే ప్రతిసారీ వందతో భాగించాల్సిందేనా? కాదు. ఇది మీకు త్వరలో ఎదురయ్యే చిక్కు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కాలిన గాయాల పేషెంటుకు మొదటి 24 గంటల్లో ఎంత ఫ్లూయిడ్ ఇవ్వాలో అంచనా వేయడానికి పార్క్‌ల్యాండ్ సూత్రం ఉంది: 4 ఎంఎల్ × బరువు కిలోల్లో × కాలిన శాతం. పెద్దవాళ్ళలో శరీరాన్ని తొమ్మిదుల లెక్కన చూస్తారు. తల, మెడ కలిపి 9, ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18, ముందు మొండెం 18, వెనుక 18, జననాంగాల భాగం 1. మొత్తం కూడితే 100. అరవై కిలోల మనిషికి ఒక చెయ్యి మొత్తం, ముందు మొండెం మొత్తం కాలితే 9 + 18, 27 శాతం.

నేను ఇంతసేపూ చెప్పినట్టు 27ని 0.27 చేసి గుణిస్తే 4 × 60 × 0.27 = 64.8 ఎంఎల్. ఇరవై నాలుగు గంటలకు! నాలుగో వంతు శరీరం కాలిన మనిషికి రోజంతా కలిపి ఒక చిన్న కప్పులో సగమా? అంచనా వేసే అలవాటు ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. ఈ సూత్రంలో ఆ 4 అన్నదే "ఒక్కో కిలోకి, ఒక్కో శాతానికి 4 ఎంఎల్" అని అర్థం. కాబట్టి 27ని 27గానే ఉంచాలి. 4 × 60 × 27 = 6480 ఎంఎల్. అందులో సగం, 3240 ఎంఎల్, మొదటి 8 గంటల్లో ఇస్తారు, అంటే గంటకు 405. మిగతా సగం తర్వాతి 16 గంటల్లో, గంటకు 202.5. ఆ ఎనిమిది గంటలూ లెక్కపెట్టేది ఆస్పత్రికి వచ్చిన వేళ నుంచి కాదు, కాలిన వేళ నుంచి. పేషెంటు రెండు గంటలు ఆలస్యంగా వస్తే మిగిలింది ఆరు గంటలే, గంటకు 540 ఎంఎల్ పడుతుంది. ఇది ఆరంభానికి అంచనా మాత్రమే, ఆ తర్వాత మూత్రం ఎంత వస్తోందో చూసి డాక్టర్లు మారుస్తూ ఉంటారు. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది సూత్రంలో అంకె ఏ రూపంలో వెళ్ళాలో చూసుకోమని. గుడ్డిగా వందతో భాగించడం కూడా, గుడ్డిగా పాయింట్ జరపడం లాంటిదే.

శాతం అనగానే వేసుకోవాల్సిన ఇంకో ప్రశ్న: దేనిలో? పుట్టినప్పుడు 3.2 కిలోలున్న బిడ్డ నాలుగో రోజుకి 2.88 కిలోలుంది. తగ్గింది 0.32. పుట్టిన బరువుతో భాగించాలి: 0.32/3.2 = 0.1, అంటే 10 శాతం. ఇవాళ్టి బరువుతో భాగిస్తే 11 శాతం దాటుతుంది. పది శాతం దగ్గర పాలు సరిగా అందుతున్నాయా లేదా అని జాగ్రత్తగా చూడడం మొదలుపెడతారు కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. ఇంకో విషయం, 10 శాతం తగ్గిన బిడ్డ మళ్ళీ 10 శాతం పెరిగితే పాత బరువుకి రాదు. 2.88లో పదో వంతు 0.288, కలిపితే 3.168 మాత్రమే. దేనిలో పది శాతమన్నది మారిపోయింది కదా.

పలచన చేయడంలో కూడా ఇదే. 5% బ్లీచ్ ద్రావణాన్ని 0.5% చేయాలంటే 0.5/5, అంటే 1/10. పది భాగాల్లో ఒక భాగం బ్లీచ్. అంటే నీళ్ళు తొమ్మిది భాగాలు, పది కాదు.

రాసే పద్ధతి గురించి రెండు మాటలు. పాయింట్ ముందు సున్నా వదలొద్దు. .5 ఎంజీ అని రాస్తే చుక్క కనబడక 5 అయిపోతుంది, 0.5 అని రాయండి. పూర్ణాంకం తర్వాత సున్నా పెట్టొద్దు. 5.0 ఎంజీ అని రాస్తే చుక్క మాసిపోయి 50 అయిపోతుంది, 5 అని రాయండి. రెండూ పది రెట్ల పొరపాట్లే. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లో పెట్టిన "వాడకూడనివి" జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. ల్యాబ్ రిపోర్టుల్లో 4.0 అని కనిపించొచ్చు, అక్కడ అది కొలత ఎంత ఖచ్చితమో చెబుతుంది. మందుల ఆర్డర్లలో మాత్రం వద్దు.

కొన్ని మాత్రం నోటికి వచ్చేయాలి, ఎందుకంటే ఇవే మీ అంచనాలకు ఆధారం. అర 0.5, 50 శాతం. పావు 0.25, 25 శాతం. ముప్పావు 0.75, 75 శాతం. అయిదో వంతు 0.2, 20 శాతం. ఎనిమిదో వంతు 0.125, 12.5 శాతం. పదో వంతు 0.1, 10 శాతం. మూడో వంతు సుమారు 0.33, 33 శాతానికి కాస్త పైన. అంతకు మించి బట్టీ పట్టకండి. 3/8 కావాలంటే 12.5ని మూడుతో గుణించుకోవచ్చు. 7/8 కావాలంటే వందలోంచి 12.5 తీసేయొచ్చు.

వార్డులో ఉన్నప్పుడు ఐవీ బాటిల్, వయల్, యాంపుల్, ఏది కనబడినా లేబుల్ చదివి, మొత్తం ఎంత మందు ఉందో మనసులో లెక్క వేయండి. డ్యూటీ అయిపోయే లోపు రెండు మూడు చేస్తే చాలు. అడిగిన సిస్టర్‌కి మర్నాడు వెళ్ళి "25 గ్రాములు సిస్టర్" అని చెప్పండి, ఎలా వచ్చిందో కూడా చెప్పండి. ఇంకోటి అడుగుతారు, అడగనివ్వండి. ప్రమాదకరమైన మందులకు ఇద్దరు నర్సులు లెక్క చూసే పద్ధతి ఉన్నచోట, మీ కాగితం చూపించి "ఇది కరెక్టేనా?" అని అడగకండి. ఆర్డరు, లేబుల్ మాత్రం చూపించి అవతలివాళ్ళను విడిగా చేయమనండి. మీ లెక్క చూశాక వాళ్ళ కళ్ళు మీ దారిలోనే నడుస్తాయి, తప్పు ఇద్దరి కళ్ళనూ తప్పించుకుంటుంది. లెక్క పొంతన కుదరకపోతే మందు ఇవ్వకుండా ఆగే హక్కు విద్యార్థిగా మీకు పూర్తిగా ఉంది, అందుకు ఎవరు విసుక్కున్నా సరే.

ఈ వారం ఇవి చేసి చూడండి. ప్రతిదానికీ ముందు అంచనా రాయండి, తర్వాతే లెక్క. ఒకటి, 3/5ని దశాంశంగా, శాతంగా మార్చండి. రెండు, 0.45% సెలైన్ 500 ఎంఎల్‌లో ఉప్పు ఎంత? మూడు, 1% లిగ్నోకైన్ 15 ఎంఎల్‌లో ఎన్ని ఎంజీ? నాలుగు, 12 కిలోల బిడ్డ ఒంట్లోంచి బరువులో 5 శాతం నీరు పోయింది, అది ఎన్ని ఎంఎల్? అయిదు, ఆర్డరు 0.375 ఎంజీ, మాత్ర 0.25 ఎంజీ, ఎన్ని మాత్రలు?

జవాబులు వరసగా: ఒకటి, 0.6, అంటే 60 శాతం; రెండు, 2.25 గ్రాములు; మూడు, 150 ఎంజీ; నాలుగు, 0.6 కిలో, అంటే సుమారు 600 ఎంఎల్; అయిదు, ఒకటిన్నర మాత్ర. అయిదో దానిలో ఒకటి కంటే తక్కువ వచ్చి ఉంటే, డిగాక్సిన్ దగ్గర చెప్పింది ఇంకోసారి చదివి మళ్ళీ చేయండి.